దుంగ లెక్క, వేలి లెక్క

సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడికి తలుపులు ఉండవు. కాళంగి ఒడ్డునున్న ఆ గుడి పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది. ఎందుకని అడిగితే ఊళ్లో ఒక కథ చెబుతారు. ఒకప్పుడు దొంగల భయంతో పెద్దలు గుడికి తలుపులు చేయించారట. అమ్మవారు కలలో కనిపించి, నాకూ నా బిడ్డలకూ నడుమ అడ్డేమిటని కోప్పడిందట. చేసిన తలుపుల్ని గుడి వెనక పడేస్తే, ఆ చెక్కలు చిగురించి చెట్టయ్యాయట. కోసి, చిత్రిక పట్టి, చీలలు దిగ్గొట్టిన చెక్క మళ్లీ వేళ్లూనడం అమ్మవారి మహిమ. తెగిన వేలు మొలిచిన కథ మాత్రం ఏ స్థలపురాణంలోనూ లేదు.

ఊరి పేరులోనూ కొయ్య తిరుగుతూనే ఉంది. చెంగాళమ్మకు ఏడేళ్లకోసారి జరిగే పెద్ద ఉత్సవంలో సుడిమాను తిప్పుతారు. ఆ సుళ్లు ఉత్సవం వల్లే సుళ్లూరు అన్న పేరు వచ్చిందని, అదే సూళ్లూరుపేట అయిందని స్థానికుల మాట. తిరిగే మానుకు మొక్కే ఊరికి తిరిగే రంపం ముందు నిలబడి బతికే పని కూడా తర్వాత వచ్చి చేరింది. ఆ పని కథకు మొదలు మాత్రం వంటచెరకు.

ఊరికి తూర్పున పులికాట్ సరస్సు దాటితే శ్రీహరికోట. ఇప్పుడు ఆ పేరు వింటే రాకెట్టు గుర్తొస్తుంది. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్టు అక్కణ్నుంచి ఎగిరింది. అంతకు సుమారు 136 ఏళ్ల ముందు, 1835లో ఈ దీవి ప్రభుత్వం చేతికి వచ్చినప్పుడు పాలకులు చూసింది ఆకాశాన్ని కాదు, పొయ్యిని. మద్రాసు నగరానికి కట్టెలు కావాలి. అందుకని ఈ అడవిని కాపాడాలన్నారు. నరకడానికి పనికొస్తుందని కాపాడిన అడవి అది. దీవిలో తరతరాలుగా ఉంటున్న యానాదులు తేనె, కుంకుళ్లు, చిరివేరు వంటి అడవి సరుకును సర్కారు కొట్టుకు తెచ్చి ఇవ్వాల్సి వచ్చేది.

కట్టెలు మద్రాసు చేరడానికి నీటి దారి ఉంది. 1806లో బేసిల్ కాక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించిన ఉప్పునీటి కాలువ క్రమంగా ఉత్తరానికి పాకింది. పులికాట్‌ను దాటి, నెల్లూరు తీరం వెంబడి సాగి, చివరికి కృష్ణా కాలువల దాకా పోయింది. 1877-78 కరువు పనుల్లో మద్రాసు ఊరి మధ్య మిగిలిన ముక్కను కూడా తవ్వించాక, అప్పటి గవర్నరు పేరు మీద దానికి బకింగ్‌హాం కాలువ అని పేరు పెట్టారు. ఇదే తీరంలో ఇసుక నేలల్లో సరుగుడు తోటలు పెరిగాయి. మొదట్లో అవి రైలింజన్లకూ పొయ్యిలకూ, తర్వాత ఇళ్లు కట్టేవాళ్ల సారువలకూ పోయాయి. కట్టె ఏదైనా, కాలువ దగ్గరకు రాగానే దానికి తూకం, చీటీ, సుంకం. ఈ తీరంలో కొయ్యకు లెక్క రాయడం చాలా పాత అలవాటు.

కోసేవాడి సంగతికొస్తే, యంత్రం రాకముందు పెద్ద దుంగను పలకలు చేయాలంటే గొయ్యే దిక్కు. గొయ్యి మీద అడ్డంగా దుంగ వేసి, దాని మీద సుద్దతాడుతో గీతలు కొట్టి, ఇద్దరు నిలబడతారు. పైవాడు గీత తప్పకుండా రంపాన్ని నడుపుతాడు. గొయ్యిలో ఉన్నవాడు కిందికి లాగుతాడు. వాడి తల మీద, కళ్లల్లో, ముక్కులో రోజంతా పొట్టు రాలుతూనే ఉంటుంది. దెబ్బలు అప్పుడూ ఉన్నాయి. దుంగ దొర్లితే కాలు నలిగేది. బాడిసతో చెక్కేవాడు చెక్కను కాలివేళ్లతో తొక్కిపట్టి తన వైపుకే వేటు వేస్తాడు కాబట్టి మునికాలి మీద గాటు లేని పాత వడ్రంగి అరుదు. అయినా ఆ పనిముట్లన్నిటికీ ఒక మంచి గుణం ఉంది. మనిషి ఆగితే అవీ ఆగుతాయి. నొప్పి తెలిసిన క్షణానే చెయ్యి వెనక్కి వస్తుంది, రంపం అక్కడే నిలిచిపోతుంది.

గొయ్యి మీద కోతలో ఇంకో కిటుకు ఉండేది. కోత కొంత దూరం సాగాక పచ్చి కలప బిగుసుకుని రంపాన్ని పట్టేస్తుంది. అలా పట్టకుండా కోత సందులో ఒక చెక్కచీల దిగ్గొట్టేవారు. సందు తెరుచుకుని ఉంటుంది, రంపం హాయిగా ఆడుతుంది. ఈ చీలను గుర్తుపెట్టుకోవాలి. యంత్రాల కాలంలో వేళ్లను కాపాడే భారమంతా దీని మీదే పడింది.

గుండ్రటి రంపానికి 1777లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ వాసి శామ్యూల్ మిల్లర్ పేటెంటు తీసుకున్నాడు. రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే రంపానికి, అంటే ఇవాళ మన కోతమిల్లుల్లో కనిపించే బ్యాండ్‌సాకు, 1808లో విలియం న్యూబెర్రీ పేటెంటు పొందాడు. ఆ పట్టీ తెగకుండా అతికే పద్ధతి దొరకడానికి ఇంకో 40 ఏళ్ల దాకా పట్టింది. ఈలోగా పోర్ట్స్‌మత్ నౌకా కార్ఖానాలో మార్క్ బ్రునెల్ యంత్రాలు ఓడల కప్పీలు చేయడం మొదలుపెట్టాయి. అంతకుముందు 110 మంది చేసే పనిని 10 మంది చేశారని చరిత్రకారులు ఇప్పటికీ చెప్పుకుంటారు. యంత్రాల చరిత్రను ఎక్కువగా ఇలాగే రాస్తారు, ఎన్ని చేతులు మిగిలాయో చూసి. ‘మిగిలాయి’ అన్న మాటకు ఇంకో అర్థం ఉందని మిల్లులో పనిచేసినవాడికే తెలుసు.

తెలుగువాళ్లకు ఆవిరి రంపాలతో పెద్దఎత్తున పరిచయం బర్మాలో జరిగింది. 19వ శతాబ్దం చివరి నుంచి విశాఖ, గోదావరి, గంజాం తీరాల నుంచి వేలాది మంది ఓడెక్కి రంగూన్‌కు పోయారు. కోరింగ రేవు పేరు మీద వాళ్లను అక్కడ కోరంగీలు అన్నారు. రేవుల్లో మూటలు మోశారు, బియ్యపు మిల్లుల్లో, కలప మిల్లుల్లో కూలికి కుదిరారు. బర్మాలో బియ్యపు మిల్లుల తర్వాత చెప్పుకోదగ్గ పరిశ్రమ కలప కోతే. ఏనుగులు లాగి, ఐరావతి నది మోసుకొచ్చిన టేకు దుంగలు అక్కడ పలకలై మద్రాసు రేవుకు వచ్చేవి. ఈ తీరం పాత ఇళ్లల్లో ‘రంగూన్ టేకండీ’ అని గర్వంగా చూపించే గుమ్మాలు, దూలాలు అలా వచ్చినవే. సముద్రానికి ఈ పక్కన ఆ గుమ్మానికి పసుపు రాసినవాళ్లు, ఆ పక్కన దాన్ని యంత్రానికి అందించిన చెయ్యి తమవాళ్లదే అయి ఉండొచ్చని తలచి ఉండరు.

చట్టం విషయానికొస్తే, దాని నడకను కొన్ని అంకెల్లోనే చూడొచ్చు. భారతదేశంలో మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చింది. ఏడేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదంది. ప్రమాదకరమైన యంత్ర భాగాలకు కంచె వేయాలంది. అయితే అది 100 మంది, అంతకు పైగా పనిచేసే చోట్లకే వర్తించింది. 1891లో ఆ సంఖ్య 50కి దిగింది. 1922లో 20. స్వాతంత్ర్యం వచ్చాక 1948 చట్టంలో కరెంటుతో నడిచే చోటైతే 10, చేత్తో నడిచే చోటైతే 20. అంటే 67 ఏళ్లు పట్టింది చట్టం 100 మంది షెడ్డు నుంచి 10 మంది షెడ్డు దాకా నడిచి రావడానికి. మధ్యస్థంగా ఉండే కోతమిల్లు గడప దగ్గరికి అప్పుడే చేరింది.

ఆ 1948 చట్టంలో 21వ సెక్షన్ చక్రాలకు, బెల్టులకు, తిరిగే భాగాలకు గట్టి కంచె ఉండాలంది. 22వ సెక్షన్ ఇంకా ఆసక్తికరం. తిరుగుతున్న యంత్రం దగ్గర బెల్టు ఎక్కించాలన్నా, నూనె వేయాలన్నా దానికి ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చిన వయోజనుడే చేయాలి, అతని ఒంటి మీద బిగుతైన దుస్తులు ఉండాలి, ఆ దుస్తుల్ని యజమానే ఇవ్వాలి. తీరాంధ్రలో మే నెల ఎండకు రేకుల షెడ్డు కింద లుంగీ ఎగ్గట్టి, మెడలో తువ్వాలు వేసుకుని పనిచేసే మనిషిని ఊహించుకుని ఈ సెక్షన్ చదివితే, రాసినవాడి మంచి మనసూ కనిపిస్తుంది, వాడు ఎంత దూరం నుంచి రాశాడో కూడా కనిపిస్తుంది.

దెబ్బ తగిలాక ఏం చేయాలో చెప్పే చట్టం అంతకు ముందే ఉంది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం 1924 జులై 1 నుంచి అమలైంది. దాని చివర ఒక పట్టిక ఉంది. మనిషి ఒంటిని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్క పోతే సంపాదించే శక్తి నూటికి ఎంత తగ్గుతుందో కట్టిన ధరల పట్టిక అది. మొదటి పట్టికలో కుడిచెయ్యి మోచేతి దగ్గర పోతే 70, ఎడమచెయ్యి అయితే 60. బొటనవేలు 25. చూపుడువేలు 10. మిగతా వేళ్లు ఒక్కోటి 5. స్వాతంత్ర్యం తర్వాత సవరించిన పట్టికలో బొటనవేలు 30కి, చూపుడువేలు 14కి పెరిగాయి. నడిమివేలు 12, ఉంగరపు వేలు గానీ చిటికెన వేలు గానీ 7. కణుపు కణుపుకూ వేరే ధర. ఎముక పోకుండా చూపుడువేలి కొస మాత్రం తెగితే 5.

ఈ ధరలు కట్టినవాళ్లు వడ్రంగి చేతిని దగ్గర్నుంచి చూసి ఉండరు. కోత మొదలుపెట్టేటప్పుడు వడ్రంగి రంపం అంచును ఎడమ బొటనవేలి కణుపుకు ఆనిస్తాడు. గీత తప్పకుండా ఉండేది ఆ కణుపు వల్లే. చిత్రిక పట్టాక పలక నునుపును ఎడమచేతి మునివేళ్లతో తడిమి చూస్తాడు. కుడిచెయ్యి బలం ఇస్తుంది, ఎడమచెయ్యి చదువుతుంది. 1923 పట్టికలో చవకైన చెయ్యి అదే.

ఈ తూకాన్ని సుప్రీంకోర్టు ఒకసారి సరిచేసింది, అదీ ఒక వడ్రంగి వ్యాజ్యంలోనే. తెలుగు మాట బాగా వినిపించే కోరాపుట్ జిల్లా జయపురంలో 1968 జులైలో ఒక వడ్రంగి సినిమా హాల్లో అలంకారం పని చేస్తూ కిందపడ్డాడు. ఎడమచెయ్యి తీసేయాల్సి వచ్చింది. పట్టిక ప్రకారం అది కొంత శాతం నష్టమే. పరిహారం నిర్ణయించే కమిషనర్ మాత్రం నూటికి నూరు శాతం నష్టంగా లెక్కగట్టి 9,800 రూపాయలు ఇమ్మన్నాడు, ఆలస్యానికి జరిమానా, వడ్డీ కూడా వేశాడు. యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1975 డిసెంబరులో కోర్టు కమిషనర్‌ని సమర్థించింది. వడ్రంగం ఒంటిచేత్తో జరిగే పని కాదు, కాబట్టి ఈ మనిషికి పోయింది చెయ్యి మాత్రమే కాదు, వృత్తి మొత్తం అన్నది ఆ తీర్పు సారం. పరిహారం ప్రమాదం జరిగిన రోజునుంచే బాకీ పడుతుందని కూడా చెప్పింది. ఇప్పటికీ దేశంలో ఏ కార్మిక నష్టపరిహారం కేసులోనైనా వకీళ్లు చేతిలోకి తీసుకునే మొదటి తీర్పుల్లో ఇదొకటి.

పట్టిక ఇప్పుడు డబ్బుగా ఎలా మారుతుందో ఒక ఉదాహరణ. 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే నెలజీతం గరిష్ఠంగా 15,000 రూపాయలు. అందులో 60 శాతం 9,000. వయసు 30 అయితే చట్టం ఇచ్చే గుణకం 207.98. ఈ రెంటినీ హెచ్చించి 14 శాతం తీస్తే చూపుడువేలి విలువ 2,62,054 రూపాయలు. ఈ డబ్బు రావాలంటే అతను అక్కడ పనిచేస్తున్నాడని, జీతం ఇంత అని ఒక కాగితం ఉండాలి. రోజుకూలీ మీద, ‘అడుగుకింత’ అన్న మాట మీద నడిచే కోతలో ఆ కాగితం ఎక్కణ్నుంచి వస్తుంది?

వేలు తెగకుండా చూసే పద్ధతులు మాత్రం ఎవరికీ తెలియనివి కావు. 1922లో బ్రిటన్ కలప యంత్రాల కోసమే ప్రత్యేక నియమాలు చేసింది. అలాంటివే మన రాష్ట్రాల ఫ్యాక్టరీ నియమావళుల్లోకీ వచ్చాయి. వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది గుండ్రటి రంపం వెనక నిలబెట్టే ఉక్కు బద్ద. గొయ్యి కోతలో దిగ్గొట్టిన చెక్కచీలకు ఇది మనవడు. రంపపు పళ్లు ముందువైపు కిందికి దిగుతూ చెక్కను కోస్తాయి, వెనకవైపు పైకి లేస్తాయి. కోసిన సందు మూసుకుపోతే చెక్క ఆ వెనక పళ్లను పట్టుకుంటుంది. మరుక్షణం అది ఎగిరి మనిషి మీదికి వస్తుంది. మిల్లు వాళ్లు దీన్ని ‘తన్నడం’ అంటారు. పొట్టలో, ఛాతీలో తగిలే దెబ్బ ఒకటైతే, చెక్క ఒక్కసారిగా మాయమయ్యేసరికి దాన్ని నెడుతున్న చెయ్యి నేరుగా రంపం మీద పడటం రెండోది. వేళ్లు తెగేది ఎక్కువగా ఈ రెండోదానితోనే. బద్ద రంపానికి అతి దగ్గరగా, దాదాపు అర అంగుళం లోపు ఎడంలో ఉంటే సందు మూసుకోదు, చెక్క తన్నదు. దానికి తోడు రంపం మీద ఒక కప్పు, చివరి జానెడు చెక్కను నెట్టడానికి చెయ్యికి బదులు ఒక తోపుడు కర్ర.

చిత్రిక యంత్రం కథ ఇంకా కఠినం. పాతకాలం యంత్రాల్లో కత్తులు బిగించే ఇరుసు నలుపలకలుగా ఉండేది. బల్ల అంచుకూ ఆ పలకకూ మధ్య చెయ్యి పట్టేంత సందు. జారిన చెయ్యి అందులోకి పోతే వేళ్లు ఒక్కటీ మిగిలేవి కావు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో గుండ్రటి ఇరుసు వచ్చింది. కత్తి అంచు మిల్లీమీటరో రెండో మాత్రమే పైకి కనిపిస్తుంది. ఇప్పుడు జారిన చేతికి చర్మం పోతుంది, మహా అయితే కొస పోతుంది. ఎవరికీ ఉపదేశం చేయకుండా, ఎవరి జాగ్రత్త మీదా ఆధారపడకుండా, ఇరుసు ఆకారం మార్చి వేళ్లను కాపాడిన పని ఇది. ‘అజాగ్రత్త వల్లే’ అని అనేముందు ఎవరైనా గుర్తుచేసుకోవలసిన యంత్రం.

మరి కప్పు, బద్ద ఎందుకు ఉండవు? ఉన్నవి ఎందుకు ఊడిపోతాయి? ఏ మిల్లులో అడిగినా జవాబు ఒకేలా వస్తుంది: అడ్డం. కప్పు ఉంటే గీత కనబడదు. సగం లోతు కోసి గాడి తీయాలంటే బద్ద తీయాల్సిందే, తీసిన బద్దను సాయంత్రం మళ్లీ బిగించేదెవరు? పొట్టు పేరుకుని కప్పు ఇరుక్కుంటుంది. కోత కూలి ఘనపుటడుగుల లెక్కన వస్తుంది కాబట్టి, కప్పు సర్దుకున్న ప్రతి నిమిషమూ జేబులోంచే పోతుంది. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. వీటిని తీర్చే కప్పులు, సులువుగా కిందికీ పైకీ జరిగే బద్దలు ప్రపంచంలో ఉన్నాయి, ధర ఎక్కువ. స్థానిక ఫౌండ్రీలో పోతపోసిన బల్ల మీద, పాత మోటారుకు బెల్టు వేసి నడిపే రంపానికి ఇవి కొన్నప్పుడే రావు, తర్వాత ఎవరూ కొనరు. రంపం పాతదై మొద్దుబారితే ఇంకో చిక్కు. మొద్దు రంపానికి చెక్కను గట్టిగా నెట్టాలి. ఎంత గట్టిగా నెడితే చెయ్యి అంత వేగంగా జారుతుంది. పదునైన పనిముట్టే పదిలం అని పాత వడ్రంగులు చెప్పడంలో పరమార్థం ఇదే.

అయితే రాజ్యం కోతమిల్లుల్ని పట్టించుకోలేదని అనడానికి లేదు. బాగా పట్టించుకుంది. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, దాని కింద 1969లో కోతమిల్లుల క్రమబద్ధీకరణ నియమాలు వచ్చాయి. లైసెన్సు లేకుండా రంపం తిప్పకూడదు. ఏ దుంగ ఎక్కణ్నుంచి వచ్చింది, ఎంత చుట్టుకొలత, కోశాక ఎంత సైజు వచ్చింది, ఎవరికి పోయింది, అన్నీ రిజిస్టరులో ఎక్కాలి. అడవి దుంగ మీద సుత్తిముద్ర ఉండాలి, లారీ మీద పర్మిట్ ఉండాలి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు అడవుల్లో అనుమతి లేకుండా నడిచే కోతమిల్లుల్ని ఆపేయమంది. 2002 అక్టోబరులో కేంద్ర సాధికార కమిటీ అనుమతి లేకుండా కొత్త మిల్లు తెరవడానికి వీల్లేదంది. శేషాచలం, వెలికొండల్లో ఎర్రచందనం ఉన్న ఈ ప్రాంతానికి ఇవి అవసరమే. మిల్లు గడప తొక్కే అధికారుల్లో ఎక్కువమంది అటవీ శాఖవాళ్లు. వాళ్లు చూసేది దుంగను. దాన్ని కోసిన చేతికి ఎన్ని వేళ్లున్నాయో చూడటం వాళ్ల పని కాదు, అది ఇంకో శాఖది. ఆ శాఖ చట్టం పదిమంది కన్నా తక్కువున్న షెడ్డులోకి, రాష్ట్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, వచ్చేది కాదు. ఊళ్లల్లో చాలా కోతమిల్లుల్లో ఉండేది అయిదారుగురే.

ఆ అంకె 10 దగ్గర కూడా నిలవలేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్, కరెంటుతో నడిచే ఫ్యాక్టరీకి హద్దును 20కి, కరెంటు లేనిదానికి 40కి పెంచింది. 2025 నవంబరు 21న ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. 1881లో 100 దగ్గర బయలుదేరి 10 దాకా వచ్చిన దారిలో ఇది వెనకడుగు, 1922 నాటి గుర్తు దగ్గరికి.

ఈలోగా రంపం మిల్లు వదిలి బయటికొచ్చింది. సూళ్లూరుపేట అయినా, నాయుడుపేట అయినా, గూడూరైనా, ఇంటి పనికొచ్చిన వడ్రంగి సంచిలో ఇప్పుడు ఉలికన్నా ముందు కనిపించేది నాలుగంగుళాల మార్బుల్ కట్టర్. రాతిని కోయడానికి తయారైన మిషను. దానికి చెక్క కోసే బ్లేడు తగిలించి, కప్పు ఊడదీసి, ప్లైవుడ్ ముక్కకు బోర్లా బిగించి, మధ్యలో చీలిక చేసి బ్లేడును పైకి తెస్తే, పావుగంటలో బల్లరంపం సిద్ధం. తెలివైన ఏర్పాటే, కాదనలేం. వేలకు వేలు పెట్టి కొనలేని యంత్రాన్ని చేత్తో కట్టుకోవడం మన పనివాళ్లకు కొత్తేమీ కాదు. బద్ద లేదు, కప్పు లేదు, చేతికి అందేచోట స్విచ్చి లేదు.

ఆ బ్లేడు నిమిషానికి దాదాపు 13,000 చుట్లు తిరుగుతుంది. 110 మిల్లీమీటర్ల చక్రం అంచు అప్పుడు సెకనుకు 75 మీటర్ల వేగంతో, అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగంతో పోతుంది. సూళ్లూరుపేట స్టేషన్ మీదుగా పోయే ఏ రైలూ అంత వేగం అందుకోదు. ప్రమాదం అని మెదడుకు తెలిసి చెయ్యి కదలడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఆలోగా 15 మీటర్ల పొడవు పళ్లు ఆ చోటుగుండా పోయి ఉంటాయి. గొయ్యిలో రంపం లాగినవాడికీ ఇప్పటివాడికీ ఉన్న తేడా అంతా ఆ అయిదో వంతులోనే ఉంది.

1999లో అమెరికాలో స్టీఫెన్ గాస్ అనే పేటెంట్ లాయరు దీనికి ఒక జవాబు కనిపెట్టాడు. భౌతికశాస్త్రం చదివినవాడు, సరదాకి వడ్రంగం చేసేవాడు. తడి ఉన్న చర్మం బ్లేడుకు తగిలితే దాని మీది చిన్న విద్యుత్ సంకేతం మారుతుంది. వెంటనే ఒక అల్యూమినియం దిమ్మె పళ్లల్లోకి దూసుకెళ్లి, సుమారు 5 మిల్లీసెకన్లలో రంపాన్ని ఆపేస్తుంది. హాట్‌డాగ్‌లతో పరీక్షించి, చివరికి తన ఉంగరపు వేలినే పెట్టి చూశాడు. గీత మాత్రం పడింది. పెద్ద కంపెనీలు కొనకపోతే తనే రంపాలు తయారుచేసి అమ్మాడు. ఆ దిమ్మె ఒకసారి పేలితే మార్చాలి, బ్లేడూ పోతుంది. మన అడితిల్లో పచ్చి తుమ్మ, తడి మామిడి కోస్తుంటే అది వేలనుకుని ప్రతిసారీ ఆగే ప్రమాదమూ ఉంది. ఖరీదు సంగతి చెప్పనక్కర్లేదు.

వేలు తెగాక కూడా కొంత చేయవచ్చన్నది ఈ 60 ఏళ్లలో వచ్చిన మార్పు. 1965లో జపాన్‌లోని నారలో వైద్యులు పూర్తిగా తెగిన బొటనవేలిని సూక్ష్మదర్శిని కింద రక్తనాళాలు కుట్టి మళ్లీ అతికించారు. సూళ్లూరుపేట నుంచి చెన్నై దాదాపు 80 కిలోమీటర్లు. ఉత్తర చెన్నైలోనే ఉన్న స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రి చేతి శస్త్రచికిత్సకు దేశమంతటా పేరున్నది. అంటే దూరం అడ్డు కాదు, అడ్డు దారిలో జరిగే పొరపాట్లే. తెగిన ముక్కను పొట్టులోంచి తీసి జేబురుమాల్లో చుట్టడం, పసుపు అద్దడం, నేరుగా ఐసుగడ్డల్లో పడేయడం, నీళ్లలో ముంచడం, ఇవన్నీ దాన్ని పాడుచేస్తాయి. తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును ఐసు మీద ఉంచాలి. వేళ్లలో కండ ఉండదు కాబట్టి అలా చల్లగా ఉంచితే వ్యవధి చాలా గంటలు దొరుకుతుంది.

పొట్టు గురించి ఒక్క మాట. 1960ల్లో ఇంగ్లండులో కుర్చీలకు పేరుపడ్డ హై వికంబ్ ప్రాంతంలో, ఫర్నిచర్ పనివాళ్లకు ముక్కులో అరుదైన క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని వైద్యులు గమనించారు. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కలప పొట్టును క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. గొయ్యిలో నిలబడి పొట్టు మింగినవాడి కథ ఈ దారిన ఇంకా నడుస్తోంది.

నెల్లూరు సీమలో అన్నీ కరెంటు పనులే అనుకోనక్కర్లేదు. ఉదయగిరిలో నర్ది, కల్ది, బిక్కి చెక్కలతో చెంచాలు, గరిటెలు చేసే ఇళ్లల్లో ఆకురాయి, చిన్న రంపమే ఇప్పటికీ ఎక్కువ పని చేస్తాయి. చేసేవాళ్లలో చాలామంది ఆడవాళ్లు. అక్కడి చేతుల మీద గాట్లు ఉంటాయి, కురచ వేళ్లు తక్కువ. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం కింద వడ్రంగులకు 15,000 రూపాయల దాకా పనిముట్ల సాయం వస్తోంది, కొద్దిరోజుల శిక్షణా ఉంది. ఆ డబ్బుతో కొనే సంచిలో కట్టర్ ఉంటే, ఆ శిక్షణలో బద్ద గురించి ఒక పూట చెప్పినా చాలా వేళ్లు నిలుస్తాయి.

ఊరికి 20 కిలోమీటర్ల లోపే ఇంకో పనిపద్ధతి ఉంది. శ్రీహరికోటలో ఘన ఇంధనం కలిపే పని మనిషి దగ్గర లేకుండా, దూరం నుంచి నడిపిస్తారు. ప్రతి మెట్టుకూ ఒక జాబితా, సంతకం. అయినా 2004 ఫిబ్రవరి 23న అక్కడ మంటలు చెలరేగి ఆరుగురు చనిపోయారు. దేశమంతా వార్త అయింది, విచారణ జరిగింది, కారణాలు వెతికారు. ఒకప్పుడు మద్రాసు పొయ్యికి కట్టెలు పంపిన దీవి అది. ఇవతలి గట్టున కట్టె కోసేచోట వేలు పోతే, పక్క బల్ల మీద పని సాయంత్రానికి మళ్లీ మొదలవుతుంది.

కోతమిల్లు పూర్తిగా నిలిచే రోజు ఏడాదికి ఒకటి ఉంది, ఆయుధపూజ. ముందురోజే పొట్టు ఊడ్చి, ఇరుసులకు గ్రీజు పెట్టి, బ్యాండ్‌సా చక్రాలను కడుగుతారు. బల్లల మీద మామిడి తోరణాలు, రంపానికి పసుపు, కుంకుమ, అరటిపిలకలు. ఉలి, బాడిస, చిత్రిక, సుద్దతాడు వరుసగా పేర్చి, పక్కన కట్టర్‌నీ పెడతారు. దుంగను మోసే గొలుసుకూ ఒక బొట్టు పడుతుంది. బూడిద గుమ్మడికాయకు చిల్లు పెట్టి లోపల కుంకుమ పోసి, యంత్రం చుట్టూ మూడుసార్లు తిప్పి గడప ముందు పగలగొడతారు. రంపానికి ఈ ఏటికి కావలసిన ఎరుపు ఇదేనని, ఇంకేమీ అడక్కూడదని పెద్దమేస్త్రి లోలోపల అనుకుంటాడు. మర్నాడు పొద్దున్నే ఎండిన తోరణం తీసేసి బెల్టు ఎక్కిస్తారు.